హోమరూ ఎర్రగడ్డా

అమ్మా,

మీ ప్రశ్నను ముందు నా మాటల్లో చెబుతాను, చదివే మిగతావారికీ తెలియాలి కదా. మీది ఒంగోలు, బ్యాంకు ఉద్యోగం. డల్లాస్‌లో ఉన్న అన్నయ్యతో పోటీపడి రోజూ వర్డల్ ఆడుతున్నారు. అంటే దాచిన అయిదక్షరాల ఇంగ్లీషు మాటను ఆరు ప్రయత్నాల్లో పట్టుకునే ఆట; అక్షరం సరైన గడిలో పడితే పచ్చగా, మాటలో ఉండి వేరే గడిలో పడితే పసుపుగా వెలుగుతుంది. ఆ రోజు ఆట అయిపోయాక ఆయన పాత ఆటలు కూడా ఏరి పంపుతున్నాడు. వరుసగా 71 ఆటలు గెలిచిన మీరు 'హోమర్' దగ్గర ఓడిపోయారు. తరువాత వారం తిరక్కుండానే 'ఫేవర్', 'కాక్', 'బయూ' కూడా ముంచాయి. అన్నయ్య నవ్వాడు. "ఒకటో తరగతి నుంచి ఇంగ్లీషు మీడియమే చదివాను, నా ఇంగ్లీషు ఇంత తక్కువా? ఈ అమెరికా మాటలు కంఠస్థం చేయడానికి ఏదైనా జాబితా ఉందా? అన్నయ్యకు ఏం జవాబు చెప్పాలి?" అని అడిగారు.

నేను కావలిలో 31 ఏళ్లు ఇంగ్లీషు పాఠాలు చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. ఈ ఆట మొదలైన కొత్తలోనే నాకు అంటుకుంది. ఓడిపోయిన ప్రతి మాటనూ ఒక నోటు పుస్తకంలో రాసుకుంటాను. కాబట్టి మీరడిగిన జాబితా నా దగ్గర ఉంది. కానీ ఇవ్వను. అది చదివితే మీ ఆట బాగుపడదు, నా అనుభవం మీద చెబుతున్నాను.

ముందు ఒక చిన్న సంగతి. మా కావలి కూరగాయల అంగడిలో ఉల్లిపాయలను ఎర్రగడ్డలు అంటారు, వెల్లుల్లిని తెల్లగడ్డలు అంటారు. ఇప్పుడు ఒక తెలుగు పత్రిక పజిల్‌లో 'కోస్తే కన్నీళ్లు, నాలుగక్షరాలు' అని ఆధారం ఇచ్చి, జవాబు 'ఎర్రగడ్డ' అని వేశారనుకోండి. శ్రీకాకుళంలో తెలుగు పండితుడు కూడా తల పట్టుకుంటాడు. హైదరాబాదు వాడైతే ఎర్రగడ్డ అంటే మానసిక చికిత్సాలయం ఉన్న పేట కదా, ఊళ్ల పేర్లు జవాబుగా ఎలా వేస్తారని పత్రికకు ఉత్తరం రాస్తాడు. వాళ్లకు తెలుగు రాదని ఎవరైనా అంటామా? ఆ పజిల్ కూర్చినవాడు నెల్లూరు వాడు, అంతే.

హోమర్ విషయంలో జరిగింది సరిగ్గా ఇదే. 2022 మే 5న ఆ మాట జవాబుగా వచ్చింది. ఇంగ్లీషు పుట్టిన దేశంలోనే జనం మండిపడ్డారు. హోమర్ అంటే గ్రీకు మహాకవి కదా, మనుషుల పేర్లు జవాబుగా ఇవ్వకూడదు కదా అని. ఆ నెల మొదటి వారంలో కేంబ్రిడ్జి నిఘంటువు వెబ్‌సైటులో ఆ మాట కోసం సుమారు 75,000 సార్లు వెతికారు. ఆ వెతుకులాటల్లో 95 శాతం ఉత్తర అమెరికా బయటి నుంచే. చివరికి ఆ నిఘంటువు వాళ్లు దాన్నే 2022 సంవత్సరపు మాటగా ప్రకటించారు. కాబట్టి మీ 72వ ఆట పోయినప్పుడు మీతోపాటు లండను, సిడ్నీ కూడా ఓడిపోయాయని అన్నయ్యకు చెప్పండి.

ఇంతకీ హోమర్ అంటే? బేస్‌బాల్ మాట. ఆ మైదానంలో నాలుగు మూలలు ఉంటాయి, ఒక్కొక్కటి ఒక బేసు. బ్యాటు పట్టిన మనిషి నిలబడే మూలను హోమ్ అంటారు. అంటే ఇల్లు. బంతిని కంచె అవతలికి కొట్టేస్తే ఇక అడ్డగించేవారు ఉండరు కాబట్టి, తీరికగా మిగతా మూడు మూలలూ చుట్టి ఇంటికి వచ్చేస్తాడు. అది హోమ్ రన్, ముద్దుగా హోమర్. మన సిక్సర్ లాంటిదే కానీ లెక్క వేరు. దారిలో ఇతర మూలల్లో తనవాళ్లు ఎంతమంది ఆగి ఉంటే అంతమందీ ఇంటికి చేరతారు కాబట్టి ఒక్క దెబ్బకు ఒకటి నుంచి నాలుగు పరుగుల దాకా వస్తాయి. సిక్సర్ తెలియని అమెరికావాడు అంటే మనం ఎలా నవ్వుతామో, హోమర్ తెలియని మనల్ని చూసి వాళ్లూ అలాగే నవ్వుతారు. ఆ ఆట నుంచి మన చెవిన ఎప్పుడో పడ్డ మాట ఒకటుంది: పించ్ హిట్టర్. 1996 ప్రపంచ కప్పులో జయసూర్య చితకబాదుతుంటే మన పత్రికలన్నీ ఆ మాటే రాశాయి. అది బేస్‌బాల్ సొత్తని అప్పుడు ఎవరికి తెలుసు! ఇంకొకటి కూడా గుర్తుంచుకోండి. మన క్రికెట్‌లో ఒక్కటైనా ఇన్నింగ్సే, రెండైనా ఇన్నింగ్సే. బేస్‌బాల్‌లో ఒక్కటైతే ఇన్నింగ్, చివర 'ఎస్' ఉండదు. అక్షరాలతో మాటలు అల్లే స్పెల్లింగ్ బీ ఆటలో నేను దీన్ని చాలాకాలం వదిలేశాను, అది తప్పుమాట అనుకుని.

ఇక ఈ జవాబుల జాబితా ఎవరు తయారుచేశారో తెలిస్తే మీకు సగం బెంగ తీరుతుంది. ఆట కట్టినవాడు జోష్ వార్డల్ అనే సాఫ్ట్‌వేర్ ఇంజినీరు. పుట్టింది వేల్స్‌లో, అప్పట్లో ఉండేది న్యూయార్కు నగరంలోని బ్రూక్లిన్‌లో. తన సహచరి పలక్ షాకు పదాల ఆటలంటే ఇష్టమని ఆమె కోసం కట్టాడు. ఇంగ్లీషులో అయిదు అక్షరాల మాటలు సుమారు 12,000 ఉన్నాయి. అన్నీ జవాబులుగా పెడితే ఆడేవాళ్లు పారిపోతారు. అందుకని ఆ మాటలన్నీ ఆమె ముందు పెట్టి, ఇది తెలుసా, తెలియదా, ఏమో అనిపిస్తోందా అని అడిగాడు. అలా జల్లెడ పడితే సుమారు 2,500 మిగిలాయి. 2021 అక్టోబరులో ఆట అందరికీ తెరిచాడు. నవంబరు 1న ఆడినవారు 90 మంది, 2022 జనవరి 2న 3 లక్షల మంది. ఆ నెలాఖరుకు న్యూయార్క్ టైమ్స్ దాన్ని కొనేసింది, ఆ తరువాత జవాబులు చూసుకోవడానికి ఒక సంపాదకురాలిని కూడా పెట్టింది. అంటే మొదట్లో అది బ్రూక్లిన్‌లోని ఒక ఇంటి జల్లెడ, ఇప్పుడు న్యూయార్కు పత్రికాఫీసు జల్లెడ. ఒంగోలు జల్లెడ ఎప్పుడూ కాదు. దాని కన్నాల్లోంచి ఏ గింజ జారుతుందో, ఏది మిగులుతుందో ఆ ఊరి అలవాటును బట్టే ఉంటుంది. కోటి అనే మన 'క్రోర్' ఇంగ్లీషు నిఘంటువుల్లో ఉంది, కానీ అది జవాబుగా వస్తుందని నేనైతే ఎదురుచూడను. కర్మ, ఖాకీ, కర్రీ మాత్రం ఆ జాబితాలో ఉన్నాయి, ఎందుకంటే అవి బ్రూక్లిన్ దాకా నడిచి వెళ్లాయి.

మరి మన ఇంగ్లీషు ఏ ఊరిది? అది మద్రాసు ప్రెసిడెన్సీ మీదుగా వచ్చిన దొరల ఇంగ్లీషు. బడిలో నేర్చినదే కాదు, బడి ముఖం చూడని వాళ్ల తెలుగులో కలిసిపోయిన మాటలు కూడా అవే. లారీ, పెట్రోలు, టార్చిలైటు, లిఫ్టు, డిక్కీ, బిస్కెట్టు. ఇందులో అమెరికావాడి వాడుక ఒక్కటీ లేదు. వాళ్లకు లారీ ట్రక్కు, పెట్రోలు గ్యాసు, లిఫ్టు ఎలివేటరు, డిక్కీ ట్రంకు. మాకు పక్కనే ఉన్న బిట్రగుంటలో ఆవిరి ఇంజన్ల కాలంలో పెద్ద లోకో షెడ్డు ఉండేది, ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు రైల్వే కాలనీలో ఉండేవి. చదువులేని కళాసీ కూడా గూడ్సు, గార్డు, స్లీపరు అని తేలిగ్గా అనేవాడు. అవే మాటలు అమెరికా రైలు స్టేషన్లో ఫ్రైటు, కండక్టరు, టై అయిపోతాయి. ఈ నేల మీద పెరిగినవాళ్ల నాలుకకు ఒక వంపు ముందే ఉంది. దాన్ని లోపం అనడం నాకు ఇష్టం లేదు.

ఇక్కడ నా పాపం ఒకటి ఒప్పుకోవాలి. తొంభైల్లో ఒక కుర్రాడు పరీక్షలో 'కలర్' అనే మాటను 'యు' లేకుండా రాశాడు. అర మార్కు కోశాను. "కంప్యూటర్ పుస్తకంలో ఇలాగే ఉంది సార్" అన్నాడు. కంప్యూటర్‌కు ఇంగ్లీషు రాదని చెప్పి తరగతి మొత్తాన్ని నవ్వించాను. ఆ కుర్రాడు ఇప్పుడు అమెరికాలోనే ఉన్నాడు, పిల్లలు కూడా 'యు' లేకుండానే రాస్తుంటారు. ఈ ఆటలో నేను మొదట ఓడింది ఆ అర మార్కు దగ్గరే. ఎఫ్, ఏ, వి మూడూ పచ్చగా వెలిగాయి, ఆ మాట నా బుర్రలోకి వచ్చింది కూడా. కానీ 'ఫేవర్'కు ఆరక్షరాలు కదా అని నేనే కొట్టేశాను. మీకు జరిగింది కూడా ఇదే అయి ఉంటుంది. మాట తెలియక ఓడడం వేరు, తెలిసిన మాటను చేజేతులా తోసేయడం వేరు. రెండోదే ఎక్కువ మండిస్తుంది.

ఆ 'యు'ను తీసిపారేసిన పెద్దమనిషి నోవా వెబ్‌స్టర్. అమెరికా స్వతంత్రమయ్యాక, దేశం వేరయినప్పుడు అక్షరాలు మాత్రం రాజుగారివి ఎందుకని పట్టుబట్టాడు. 1806లో ఒక చిన్న నిఘంటువు, 1828లో 70,000 మాటలతో పెద్ద నిఘంటువు వేశాడు. నిజానికి లాటిన్‌లో ఆ మాటలకు 'యు' లేదు, ఫ్రెంచి వాళ్ల దగ్గర తిరిగి వస్తూ తగిలించుకొచ్చాయి. కాబట్టి ఆయన వాదానికి బలం ఉంది. అయితే ఆయన చెప్పినవన్నీ జనం వినలేదు. నాలుక అనే మాటను 'టి యు ఎన్ జి' అని, స్త్రీలు అనే మాటను 'డబ్ల్యు ఐ ఎం ఎం ఇ ఎన్' అని రాయమన్నాడు. ఎవరూ రాయలేదు. అక్షర సంస్కరణ ఎక్కడైనా అంతే, పెళ్లి భోజనంలా ఎవరికి కావలసింది వాళ్లు వడ్డించుకుంటారు.

ఇది చరిత్ర పాఠం కోసం చెప్పలేదు, మీ ఆటకు పనికొస్తుంది. చివర 'ఆర్' ఉందని తేలితే దాని ముందు 'ఓ' పెట్టి చూడండి. ఫేవర్, హ్యూమర్, హానర్, లేబర్, రూమర్, ట్యూమర్, వేపర్, వాలర్, విగర్, ఆర్మర్, ఇవన్నీ మనకు ఆరక్షరాలు, వాళ్లకు అయిదు. మీటర్, లీటర్, ఫైబర్, వీటికి మనం చివర 'ఆర్ ఇ' అని రాస్తాం, వాళ్లు 'ఇ ఆర్' అని తిప్పేస్తారు. ఈ రెండు అలవాట్లు పట్టుబడితే మీ అమెరికా ఓటముల్లో చాలా భాగం ఆగిపోతుంది. అలాగని ప్రతి 'యు'నూ చంపకండి. పిండి అనే ఫ్లవర్, అంటే గోధుమ పిండి, అక్కడ కూడా 'ఓ యు ఆర్' తోనే ఉంది. గిన్నె తోమే స్కవర్ కూడా అంతే. నేను వెబ్‌స్టర్ మత్తులో ఉన్నప్పుడు పిండి దగ్గర కూడా ఒకసారి జారిపడ్డాను.

హోమర్ దగ్గర మీరు ఓడిన తీరు వేరు. మీరు పంపిన బొమ్మ చూశాను. రెండో గడిలో 'ఓ', చివర 'ఇ ఆర్' మూడో ప్రయత్నానికే పచ్చగా వచ్చేశాయి. ఆ తరువాత కవర్, పవర్, జోకర్ అంటూ ఒక్కొక్క తలుపూ తట్టుకుంటూ పోయారు. ఆ వీధిలో తలుపులు చాలా ఉన్నాయమ్మా: కవర్, హోవర్, రోవర్, పవర్, టవర్, లోవర్, మోవర్, పోకర్, జోకర్, బాక్సర్, ఫోయర్. మూడు ప్రయత్నాలతో ఆ వీధి దాటలేరు. అక్కడ గెలవాలనే కోరిక ఒక వంతు వదులుకుని, జవాబు కాదని తెలిసిన మాటను కావాలని వేయాలి. ఉదాహరణకు 'చాంప్'. సి, హెచ్, ఎం, పి నాలుగూ ఒకే దెబ్బకు పరీక్ష అయిపోతాయి. హెచ్, ఎం రెండూ పసుపు రంగులో వస్తే ఇక హోమర్ తప్ప మిగిలేది ఉండదు. బేస్‌బాల్ తెలియనక్కర్లేదు, ఆ కవి ఎవరో కూడా తెలియనక్కర్లేదు. మీ అన్నయ్య కఠిన పద్ధతిలో ఆడమని పందెం వేశాడంటే మాత్రం ఈ దారి మూసుకుపోతుంది, పచ్చగా వచ్చిన అక్షరాలను కదిలించనివ్వరు కాబట్టి. ఆ పందెం ఒప్పుకోకండి.

ఇక కాక్ (సి ఏ యు ఎల్ కె) సంగతి. స్నానాల గదిలో టైల్సుకీ గోడకీ మధ్య సందు పూడ్చడానికి గొట్టంలోంచి నొక్కి పూసే మెత్తటి ముద్ద అది. మన మేస్త్రీ వైట్ సిమెంటుతో కానిచ్చేస్తాడు కాబట్టి ఆ మాట అవసరం మనకు రాలేదు. అసలు పుట్టింది పడవల దగ్గర. కొయ్య పడవ పలకల సందుల్లో నార కూరి, నీళ్లు రాకుండా పైన తారు పూసే పని అది. బయూ అంటే లూసియానా వైపు ఏరు వదిలిన పాయ, కదిలీ కదలని నీళ్లు, చుట్టూ చిత్తడి. చాక్టా అనే అక్కడి ఆదివాసుల మాట, ఫ్రెంచి వాళ్ల నోట పడి ఇలా మారింది. మన తీరంలో ఉప్పుటేరు చూసినవారికి ఆ దృశ్యం కొత్త కాదు, పేరే కొత్త.

నా నోటు పుస్తకంలో నాకు బాగా నచ్చిన మాట 'స్టూప్'. వంగడం అనే అర్థం మనకు తెలుసు. న్యూయార్కులో దానికి ఇంకో అర్థం ఉంది: వీధి నుంచి ఇంటి గుమ్మానికి ఎక్కే మెట్లు, వాటి పైన చిన్న తిన్నె. సాయంత్రం అక్కడ కూర్చుని వచ్చేపోయేవాళ్లను పలకరిస్తారు. అంటే అరుగే కదా! ఈ సంగతి చదివిన రోజు మా వీధిలో మిగిలిన ఒకే ఒక్క అరుగు మీదికి వెళ్లి కాసేపు కూర్చున్నాను. ఆ మాట డచ్చివారిది. న్యూయార్కును 1664లో ఇంగ్లీషువాళ్లు పట్టుకునేదాకా అది డచ్చివారి న్యూ ఆమ్‌స్టర్‌డాం. మన కింద పులికాట్‌లో కోట కట్టుకుని బట్టల వ్యాపారం చేసింది కూడా అదే కాలపు డచ్చివారే. అక్కడ ఒక అరుగు వదిలి వెళ్లారు, ఇక్కడ సమాధులు వదిలి వెళ్లారు. బాస్, కుకీ కూడా వాళ్లు అమెరికాలో పడేసి పోయిన మాటలే.

అందుకే జాబితా ఇవ్వనన్నాను. జాబితాలో స్టూప్ పక్కన 'మెట్లు' అని ఉంటుంది, రెండు రోజుల్లో మరిచిపోతారు. అరుగు మీద కూర్చోబెడితే మరిచిపోరు. మీరు రోజూ ఓడిన మాటను దాని ఇంటికి తీసుకెళ్లండి: ఇది మైదానంలో మాటా, వంటింటిదా, గోడకు పూసేదా, ఏటి ఒడ్డుదా? అక్కడ మన దగ్గర ఉన్న వస్తువేది దానికి చుట్టం? మీ అన్నయ్యను ఒక సాయం అడగండి. నవ్వడం మాని, వారానికి ఒకసారి వీడియో కాల్‌లో ఇంట్లో ఒక గది చూపిస్తూ అక్కడివాళ్లు ఏ వస్తువును ఏమంటారో చెప్పమనండి. మనం ట్యాప్ అనేదాన్ని ఫాసెట్ అంటారు, అల్మరా గదిని క్లాజెట్ అంటారు, సొంత ఫ్లాటును కాండో అంటారు, పది సెంట్ల నాణేన్ని డైమ్ అంటారు. నాలుగు వారాల్లో అయిపోతుంది.

ఒక మాట మాత్రం గట్టిగా చెబుతాను. 2023లో వచ్చిన కనెక్షన్స్ అనే ఆటను, అదే పదహారు మాటలను నాలుగేసి చొప్పున జతలు కట్టే ఆటను, దీనితో కలిపి చూడకండి. వర్డల్‌కు అర్థం తెలియకపోయినా పరవాలేదు, అలాంటి మాట ఉంటుందని నమ్మితే చాలు. అక్కడ అర్థమే కాదు, వాళ్ల దుకాణాల పేర్లు, టీవీ కార్యక్రమాలు, చిన్నప్పటి తాయిలాలు కూడా తెలియాలి. నేను మూడు నెలలు ఆడి మానేశాను. ద్రాక్షపళ్లు పుల్లన అనుకున్నా సరే.

చివరగా, అన్నయ్యకు ఏం జవాబు చెప్పాలని అడిగారు. రెండున్నాయి. 2024లో అమెరికా జాతీయ స్పెల్లింగ్ బీ (ఇందాకటి ఆట కాదు, పిల్లలు మాటల అక్షరాలు నోటితో చెప్పే పోటీ) గెలిచిన తెలుగింటి కుర్రాడు బృహత్ సోమ, 90 సెకన్లలో 29 మాటలు సరిగ్గా చెప్పాడు. అతని గెలుపు మాట 'అబ్‌సైల్', తాడు పట్టుకుని కొండ దిగడం. అది బ్రిటన్‌లో వాడే మాట, అమెరికావాళ్లు దాన్ని ర్యాపెల్ అంటారు. అక్కడ పుట్టినవాళ్లు కూడా అవతలి ఒడ్డు మాటలు విడిగా నేర్చుకునే గెలుస్తున్నారు.

రెండోది ఈ సాయంత్రమే ప్రయోగించవచ్చు. 'నెలోర్' అంటే ఏమిటో అడగండి, ఒకటే 'ఎల్'. నెల్లూరు అనేస్తాడు, కాదనండి. బ్రెజిల్‌లో ఎక్కువగా పెంచే తెల్ల పశువుల జాతి అది, మూపురంతో సహా మన ఒంగోలు గిత్తే. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడేదాకా ఒంగోలు నెల్లూరు జిల్లాలోనే ఉండేది. అప్పటి ఓడల్లో ఎక్కిన పశువులు జిల్లా పేరుతో దిగాయి. ఆ రక్తమే టెక్సస్‌లో మేసే బ్రాహ్మన్ జాతిలో కూడా కలిసింది, ఆయన కారులో వెళ్తూ రోజూ చూస్తూనే ఉండవచ్చు. ఆరు అవకాశాలు ఇవ్వండి.